మచ్చలేని కెంపులు

పోయిన నెలలో మా కూతురి కూతురు ఉంగరం కొనుక్కుంటానని, ఒక్కతే పోవడం ఇష్టంలేక, నన్ను కూడా బయలుదేరదీసింది. తిరుపతిలో ఇప్పుడు నగల దుకాణాలు పెళ్ళిమండపాలంత ఉంటున్నాయి. లోపల అడుగుపెడితే ఏసీ చలి, మెత్తటి కుర్చీలు, అడగకముందే చేతికి బాదంపాలు. బల్ల అవతల నిలబడ్డ అమ్మాయికి మా మనవరాలి వయసే ఉంటుంది. నల్లగుడ్డ మీద రెండు ఎర్రరాయి ఉంగరాలు పక్కపక్కన పెట్టి, మేమేమీ అడగకుండానే, "ఇది భూమిలో దొరికిన కెంపమ్మా, ఇది ఫ్యాక్టరీలో చేసింది. కంటికి రెండూ ఒకటే. చేసినదాంట్లో మచ్చలుండవు, మీ ఇష్టం" అని చెప్పేసి, తర్వాతి పెట్టె తెరవడానికి పక్కకు తిరిగింది. ఆ మాట చెప్పడానికి ఆ పిల్లకు గుక్కెడు నీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు. నేను మాత్రం కుర్చీలో కూలబడ్డాను. బీపీ మాత్ర వేసుకున్నావా అవ్వా అని మనవరాలు కంగారు పడింది. వేసుకున్నాను. బీపీ కాదు, ఆ మాట. అరవై ఏళ్ళ కింద ఆ ఒక్కమాట మా అమ్మకు చెప్పవలసిన మనిషి చెప్పలేదు, ఆ తర్వాత పదేళ్ళకు చెప్పవలసిన దాన్ని నేనయ్యాను.

మా అమ్మది కార్వేటినగరం పక్కన ఒక పల్లె. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పాత నగ కనిపించినా అది అక్కడి రాజుల కోటలోంచే వచ్చిందని చెప్పుకోవడం అప్పటివాళ్ళకు ఒక సరదా. అవన్నీ నిజమైతే రాణులకు పసుపుకొమ్ములు తప్ప ఏమీ మిగిలి ఉండవు. మా అవ్వ మెడలోని రాళ్ళ అడ్డిగ గురించి కూడా ఊళ్ళో అలాగే అనేవాళ్ళు గానీ, అది వచ్చింది రంగూను నుంచి. అవ్వవాళ్ళ నాయన అక్కడ బియ్యపు మిల్లులో కొన్నేళ్ళు పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో పదకొండు కెంపులు తెచ్చాడట. వాటిని బంగారంలో పొదిగించి, మెడకు అంటిపెట్టుకుని ఉండేటట్టు అడ్డిగ చేయించి కూతురికిచ్చాడు. అవ్వ పోయాక అది పెద్దకూతురైన మా అమ్మకు వచ్చింది.

చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో పడుకుని ఆ రాళ్ళతోనే ఆడుకునేదాన్ని. ఒక్కో రాయి నాకు విడిగా తెలుసు. నడిమి రాయిలో నువ్వుగింజంత నల్లచుక్క ఉండేది. దాని పక్కది బియ్యం కడుగునీళ్ళలా కొంచెం మసకగా ఉండేది. చివర నుంచి రెండోదాంట్లో వెంట్రుకలాంటి గీత ఒకటి అడ్డంగా పోయేది. ఎండలో కూర్చుంటే అమ్మ గొంతు కింద చర్మమంతా ఎర్రగా మెరిసేది. నా వయసువాళ్ళకు ఇలాంటివి గుర్తుంటాయి. అప్పట్లో ఆటబొమ్మలు ఎక్కడివి, అమ్మ ఒంటిమీద ఉన్నవే మనకు బొమ్మలు.

ఇక మామ సంగతి చెప్పాలి. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, ఆమె కంటే పదేళ్ళు చిన్న. అమ్మ వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి మెట్టినింటికి వచ్చేటప్పుడు కూడా వెంట తెచ్చుకుంది, మా నాయనే వాణ్ణి చదివించాడు. వాడు అంటున్నానని ఏమీ అనుకోకండి, మామను గారు అని పిలిచే అలవాటు మావైపు లేదు, ఆయన విషయంలో ఇప్పుడు కొత్తగా నేర్చుకోవడం నావల్ల కాదు. సేద్యం చేతకాదని తేలాక మామ తిరుపతికి పోయి, గోవిందరాజస్వామి గుడివైపు ఒక ముసలి రాళ్ళ వ్యాపారి దగ్గర పనికి చేరి, రాళ్ళు ఏరడం, పొదగడం నేర్చుకున్నాడు. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం ఒకటి నల్లదారానికి కట్టి మెడలో వేసుకుని ఊరికి వచ్చేవాడు. అది చూసి ఊళ్ళో వాళ్ళంతా ముక్కుపుడకలూ కమ్మలూ తీసుకుని మా వసారాలో బారులు తీరేవాళ్ళు. తమ్ముడు డాక్టరయినంత సంబరం అమ్మకు.

నాకు పదేళ్ళప్పుడు నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోయించారు, చిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, పథ్యమని మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టలేదు. నెల దాటినా మనిషి మంచం దిగలేదు, కళ్ళు చామంతిపూలలా పచ్చబడిపోయాయి. అప్పుడు మామ చూడ్డానికి వచ్చాడు. నాయన పక్కన కాసేపు కూర్చుని, బయటికి వచ్చి, అమ్మను వసారాలోకి పిలిచాడు. నేను అక్కడే స్తంభం పక్కన ఉన్నాను.

"అక్కా, ఇట్ల వెలుగులోకి రా," అని అమ్మ మెడ దగ్గరికి వంగి భూతద్దం పెట్టి చూశాడు. "ఈ రాళ్ళల్లో మచ్చలుండాయి. గీతలుండాయి. ఇన్నాళ్ళు ఎవురూ సూడలేదా? ఇది మొగునికి మంచిది కాదు."

ఇప్పటివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మావైపు ఎద్దును కొనాలంటే ముందు సుడులు చూస్తారు. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి కీడో పసిపిల్లలకు కూడా తెలుసు. రాళ్ళకూ అంతే. చుక్క ఉంటే ఒకటి, ఈకలాంటి గీత ఉంటే ఒకటి, మసక ఉంటే ఒకటి, ఒక్కో దోషానికి ఒక్కో కీడు. కెంపులో నల్లచుక్క భర్త ప్రాణానికి అని అమ్మ కూడా చిన్నప్పుడు విన్నదే; తన మెడలో ఉన్నదాన్ని ఎవరూ వేలుపెట్టి చూపించలేదు కాబట్టి మరిచిపోయింది. ఇప్పుడు చూపించింది పరాయివాడు కాదు, ఆమె పెంచిన తమ్ముడు. అమ్మ అప్పటికప్పుడే కొక్కెం విప్పి అడ్డిగను వాడి చేతిలో పెట్టింది.

"నువ్వు సూసి సెప్పినాక నేను మెడలో ఎట్ల పెట్టుకునేది? తీసకపో. ఏమి సేస్తావో సెయ్యి," అంది.

దోషమున్న రాళ్ళు తీసేసి, వాటికి సరిపోయే మంచి కెంపులు తన దగ్గరే ఉన్నాయనీ, అవి పొదిగి తెస్తాననీ మామ చెప్పాడు. పాతవి ఎవరైనా తీసుకుంటే మారుకు మారు సరిపోతుందన్నాడు. తమ్ముడికి నష్టం వస్తుందేమోనని అమ్మ రెండుసార్లు అడిగింది. రాదులే అక్కా అన్నాడు.

మూడు వారాలకు అడ్డిగ తిరిగివచ్చింది. అబ్బ, ఆ రాళ్ళు. చుక్క లేదు, గీత లేదు, మసక లేదు, పదకొండూ ఒకే రంగు, ఒకే నిగనిగ. నాకైతే నా నువ్వుగింజ రాయి పోయిందని ఏడుపు వచ్చింది గానీ ఎవరికీ చెప్పలేదు. అదేం విచిత్రమో, ఆ వారంలోనే నాయన కళ్ళల్లో పచ్చదనం విరగడం మొదలై, నెల తిరిగేలోగా లేచి పొలానికి పోయాడు. కామెర్లు తగ్గే రోజుకు తగ్గాయి, అంతే. ఆ మాట అమ్మతో అనగల ధైర్యం ఎవరికుంది? రాళ్ళు మార్చి తమ్ముడు తన తాళి నిలబెట్టాడని ఆమె ఊరంతా చెప్పింది. నాయన మంచంలో ఉన్నప్పుడు మొక్కుకున్నానని, నిలువుదోపిడి ఇస్తానని కూడా చెప్పింది. నిలువుదోపిడి అంటే తెలియనివాళ్ళు మనలో ఉండరు. కొండకు పోయి, ఒంటిమీద ఉన్న నగ ఉన్నట్టుగా ఒలిచి స్వామి హుండీలో వేసి, బోసి ఒంటితో దిగిరావడం.

ఆ మొక్కు పదేళ్ళు వాయిదాపడింది. ఒక ఏడు వానల్లేవు, ఒక ఏడు ఇంట్లో అంటు, ఒక ఏడు నాకు తమ్ముడు పుట్టాడు. మిగతా ఏళ్ళల్లో అడ్డుపడింది మామే. తొందరేముంది అక్కా, పాప పెళ్ళి కానీ, దేవుడేమన్నా లెక్కపెట్టుకుంటా ఉండాడా అని ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాడు. అక్క నగలు పోతాయని తమ్ముడికి దిగులు అని అమ్మ మురిసిపోయేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఈలోపల మామ తిరుపతిలో సొంతంగా అంగడి పెట్టాడు. కింద అంగడి, పైన ఇల్లు, ఇంటి వెనక ఉత్తరం వైపు కిటికీ ఉన్న ఒక గది. నాకు పద్దెనిమిది నిండాక, ఊళ్ళో ఊరికే కూర్చోవడమెందుకని, రాళ్ళు ఏరడం నేర్పిస్తానని మామే వచ్చి పిలుచుకుపోయాడు. నా బతుకులో మొదటి ఉద్యోగం అది. పొద్దున పదినుంచి మధ్యాహ్నం లోపలే మా పని. ఉత్తరపు వెలుగు నిలకడగా ఉండేది అప్పుడే, ఆ తర్వాత రంగు కళ్ళను మోసం చేస్తుంది. తెల్లకాగితం మీద రాళ్ళు పోసుకుని, సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే తీసి, భూతద్దంలో చూసి, వేరువేరు కుప్పలు పెట్టాలి. నాతో పాటు మరో ఇద్దరు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళకు చేతులకంటే నోరు వేగం. మధ్యాహ్నం అత్త పెట్టే సంగటి తిని, మల్లెపూల వేళకు గుడిదాకా నడిచివచ్చేవాళ్ళం. ఆ రెండేళ్ళూ నాకు పండగలాగే గడిచాయి, అది దాచడమెందుకు.

మామ బాగా నేర్పాడు. అది కూడా ఒప్పుకోవాలి. తిరుచ్చివైపు నుంచి సానబట్టి వచ్చే చేసిన రాళ్ళను గాజురాళ్ళని కొట్టిపారేయకూడదని మొదట చెప్పాడు. గాజు గాజే, గోరువెచ్చగా ఉంటుంది, తొందరగా అరుగుతుంది, పిల్లలు కూడా పట్టేస్తారు. చేసిన కెంపు అలా కాదు, అదీ కెంపే. అదే గట్టితనం, అదే బరువు, అదే చల్లదనం. తెల్లటి పొడికి రంగు కలిపి భగభగమండే మంటలోంచి రాలిస్తే, కరిగి బొట్టుబొట్టుగా పేరుకుని కొవ్వొత్తిలాంటి కడ్డీ అవుతుందట, నేలలో యుగాలు పట్టే పని అక్కడ ఒక పూటలో అయిపోతుంది. ఆ తొందరే దాన్ని పట్టిస్తుంది. పొరలు పొరలుగా పేరుకుంటుంది కాబట్టి లోపల గీతలు వంపు తిరిగి ఉంటాయి, గ్రామఫోను రికార్డు మీద గీతల్లాగా. ఎక్కడో ఒకచోట గాలిబుడగ చిక్కుకుని ఉంటుంది. నేలలో పుట్టినదాంట్లో గీతలుంటే తిన్నగా ఉంటాయి, పట్టుపోగుల్లాంటి సన్నటి దారాలు ఉంటాయి, చుక్కలుంటాయి, మసకలుంటాయి.

"మచ్చ లేని రాయిని ముందు అనుమానించల్ల పాపా," అనేవాడు. "నేలలో పుట్టినదానికి ఏదో ఒక దెబ్బ తగిలే ఉంటాది."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ తల ఊపాను. ఒక్కసారైనా, ఒక్కసారంటే ఒక్కసారి, అమ్మ అడ్డిగ నా తలపుకు రాలేదు. అదేం మొద్దుతనమో అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అన్నం పెట్టే చేతిలో ఏముందో ఎవరు చూస్తారు. పైగా నా కళ్ళంటే మామకు గర్వం. ఊరూరి వ్యాపారులు వచ్చినప్పుడు నన్ను పిలిచి, మా అక్క కూతురు, ఈ పాప కంటికి తప్పించుకున్న రాయి లేదు అని పొగిడేవాడు. ఆ పొగడ్తకు నేను పొంగిపోయి ఇంకా కళ్ళు చిల్లులుపడేలా చూసేదాన్ని.

రెండో ఏడు మాఘమాసంలో అమ్మ ఇక ఎవరిమాటా వినకుండా, నాయననూ నా తమ్ముణ్ణీ తీసుకుని మొక్కు తీర్చడానికి తిరుపతికి వచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నం బస్సుకు కొండకు పోవాలి. వచ్చిన సాయంత్రమే నన్ను మిద్దెమీదికి పిలిచి, అడ్డిగ మెడలోనే పట్టుకుని, ఏదో తప్పు చేసినదానిలాగా అడిగింది.

"న్యాయంగా ఇది నీకు రావల్సింది పాపా. దేవునికి ఇచ్చేస్తా ఉండా. నీకు కష్టంగా లేదు గదా?"

లేదమ్మా అన్నాను. నిజంగానే లేదు. నాయన బతికి కళ్ళముందు తిరుగుతున్నాడు, అంతకంటే నాకేం కావాలి. అమ్మ నా తల నిమిరి, దేవుని దగ్గరికి పోయేది మురికిగా పోకూడదు, నీ చేత్తో శుభ్రం చేసి ఇవ్వమంది.

మర్నాడు పొద్దున అమ్మ తలంటుకోవడానికి పోతూ అడ్డిగ తీసి నా చేతిలో పెట్టింది. వెనకగదిలో కిటికీ పక్కన కూర్చున్నాను. పాతకాలపు కట్టడం కాబట్టి రాళ్ళ వెనక రేకు పెట్టి లక్కతో మూసి ఉంటుంది, నీళ్ళలో ముంచకూడదు. తడిగుడ్డకు కొంచెం కుంకుడు నురుగు అంటించి తుడుస్తున్నాను. నడిమి రాయి కదిలింది. లక్క సడలిందనుకుని, గట్టిగా కూర్చోబెడదామని పట్టకారుతో పైకి తీశాను. తీసినదాన్ని చేతిలో ఉన్న భూతద్దంతో చూడకుండా ఉండే అలవాటు నాకు అప్పటికే పోయింది. చూశాను. గాజుగిన్నెలో నీళ్ళు పోసి, రాయిని అందులో వేసి మళ్ళీ చూశాను. వంపు తిరిగిన గీతలు. ఒక పక్కన గుండ్రటి బుడగ. మిగతా పదింటినీ పైనుంచే చూశాను. మచ్చ లేదు, మసక లేదు, నేలలో పుట్టిన గుర్తు ఒక్కటి లేదు. నాయన చావుబతుకుల్లో ఉన్నప్పుడు మామ, ఏది నిజమైన రాయికి సాక్ష్యమో దాన్నే దోషమని చూపించి, అమ్మ చేతులతోనే ఒలిపించుకున్నాడు.

తలెత్తితే గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు. బల్ల మీద గిన్నె చూశాడు, విప్పిన అడ్డిగ చూశాడు, నా మొహం చూశాడు. ఆయనకు విడిగా చెప్పాల్సిన పనిలేకపోయింది, నాకు నేర్పింది ఆయనే కదా. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అసలు రాళ్ళు యాడుండాయి మామా అని అడిగాను.

"మద్రాసుకు పోయినాయి. ఈ అంగడి యాడ నుంచి వచ్చిందనుకుంటివి?" అన్నాడు. తలుపు వైపు ఒకసారి చూసుకుని, "నువ్వు సూసింది నీ కండ్లల్లోనే పెట్టుకో పాపా. ఇప్పుడు తెలిస్తే అక్క ఆ మొక్కును యాడ పెట్టుకుంటాది? ఆమె నమ్మకంతో వేస్తాది, సామి తీసుకుంటాడు. మద్దెలో నువ్వెవురు, నేనెవురు?"

నా చేతిలోంచి రాయి తీసుకుని, లక్క వెచ్చబెట్టి, చేయి వణక్కుండా దాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టాడు. అంత బాగా పొదిగేవాణ్ణి ఆ తర్వాత కూడా నేను చూడలేదు. అమ్మ తడితలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, అడ్డిగ తీసుకుని, ఎంత మెరుస్తున్నాయో చూడు తమ్ముడా అని వాడికే చూపించింది.

మధ్యాహ్నానికి బస్సెక్కాం. అలిపిరి దాటి మలుపులు తిరుగుతుంటే అమ్మ పక్కనే కూర్చుని, ఇప్పుడు చెప్పాలి, ఈ మలుపు తర్వాత చెప్పాలి అనుకుంటూనే పోయాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మొక్కు ఆగిపోతుంది, తన తప్పువల్ల స్వామికి మోసం జరగబోయిందని అమ్మ తిండి మానేస్తుంది, నాయనకు మళ్ళీ ఏదైనా అయితే దీనివల్లే అంటుంది, తన తమ్ముడు ఉన్నా లేనట్టే బతుకుతుంది. చెప్పకపోతే దొంగరాళ్ళను దేవుని సొమ్ములో కలిపే పాపంలో నేనూ ఒక చెయ్యి వేసినట్టే. క్యూలో నిలబడ్డంతసేపూ మామ మాకు ముందుండి, నాయనకు ఊపిరాడేలా జనాన్ని పక్కకు జరుపుతూ, ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు.

దర్శనమయ్యాక హుండీ దగ్గర అమ్మ ఒక్కొక్కటే తీసింది. గాజులు, కమ్మలు, ముక్కుపుడక, తాళి పసుపుతాడుకు మార్చుకున్నాక మిగిలిన గొలుసు. చివరికి అడ్డిగ విప్పి రెండు చేతుల్లో పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నా నోట్లో మాట ఉంది, పెదవుల దాకా వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. జనం తోపిడిలో పడిపోతానని పట్టుకున్నానేమో అనుకుని, ఆమె నవ్వి, అడ్డిగను లోపలికి వదిలేసింది.

దిగివచ్చేటప్పుడు అమ్మ మెడ బోసిగా, తెల్లగా, అడ్డిగ రాసుకున్న చోట మాత్రం చార పడి ఉంది. అంత తేలికగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. దారిపొడుగునా తన తమ్ముణ్ణే పొగిడింది. నా తమ్ముడు ఏరి పెట్టిన మచ్చలేని రాళ్ళు కాబట్టి సామికి ఇవ్వడానికి మొహం చెల్లింది అంది. మామ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరక్కుండా కళ్ళు మంటలని సాకు చెప్పి ఊరికి వచ్చేశాను. ఇంటిదగ్గరే ఉండి చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి, పలమనేరు వైపు పల్లెల్లో బడిపంతులమ్మగా బతుకు వెళ్ళదీశాను. మామ మీద కోపం తగ్గిందా అని అడిగితే, తగ్గలేదు. రాళ్ళు పోయినందుకు కాదు. కరువులో అమ్ముకున్నవాళ్ళున్నారు, తాకట్టు పెట్టి విడిపించుకోలేనివాళ్ళున్నారు, నగలు పోవడం మా ఇళ్ళల్లో కొత్త సంగతి కాదు. అవసరముందక్కా, ఇవ్వు అని అడిగుంటే అమ్మ నవ్వుతూ ఇచ్చుండేది. అడక్కుండా, ఆమె భయాన్ని పట్టుకుని తీసుకున్నాడు. నాకు చూపు నేర్పింది ఆ రాళ్ళ సొమ్ముతో నిలబడ్డ గదిలో కూర్చోబెట్టే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడితే కుశలం అడిగేదాన్ని, అంతే. మామతో ఎందుకు ముభావంగా ఉంటావని అమ్మ నన్నే చివాట్లు పెట్టేది. నేను పడేదాన్ని.

నాయన కామెర్లు తగ్గాక ముప్పై ఏళ్ళు బతికాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు అమ్మ మంచానపడింది. చిత్తూరులో ఆసుపత్రిలో పెట్టాం. మామ వచ్చాడు, అప్పటికి ఆయనకూ చేతికర్ర వచ్చింది, చూపు మందగించింది. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, చుట్టూ ఉన్న మనవళ్ళకూ మనవరాళ్ళకూ, నర్సుకు కూడా, కథ మొదటినుంచీ చెప్పింది. ముప్పై ఏళ్ళు ముత్తయిదువుగా ఉండానంటే వీడి సలవే అంది. మామ ఆ చెయ్యి విడిపించుకోలేక, ఉంచలేక, తల దించుకుని కూర్చున్నాడు. తర్వాత కర్ర తాటించుకుంటూ వరండాలోకి వచ్చి, నా ఎదుట నిలబడ్డాడు. నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ సంగతి ఎత్తాడు.

"సెప్పేద్దునా పాపా? కాళ్ళు పట్టుకుని సెప్పేస్తా. నువ్వు ఊ అను సాలు."

ఏడుస్తున్నాడు. నేను ఎన్నేళ్ళుగానో కోరుకున్నది అదే. ఊ అంటే చాలు.

"వద్దు మామా," అన్నాను. "ఆమె నమ్మకంతో వేసింది. మద్దెలో మనమెవురం?"

తన మాట తనకే తిరిగివచ్చిందని ఆయనకు తెలిసిందో లేదో. కర్రతో తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు. నాలుగో రోజు అమ్మ పోయింది. మరుసటి ఏడు మామ కూడా పోయాడు. ఇప్పుడు ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అమ్మ మీద దయతో వద్దన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మామ చెప్పేస్తే అమ్మ వాణ్ణి ఏమీ అనేది కాదు, పెంచిన చెయ్యి కదా, తల నిమిరి ఊరుకునేది. నావైపు తిరిగి, నీకెప్పుడు తెలిసింది పాపా అని అడిగేది. ఆ ప్రశ్నకు భయపడి ఆయన నోరు మూయించాను. ఆయన అమ్మ దగ్గర రాళ్ళు తీసుకున్నాడు, నేను నిజం తీసుకున్నాను; ఏది ఎక్కువో తూచే త్రాసు నా దగ్గర లేదు.

ఇప్పటి పిల్లలు రాయి ఎక్కడ పుట్టిందో అడిగి, కాగితం చూసి, చేసినదైతే చేసినదని తెలిసే వేలికి పెట్టుకుంటున్నారు. అందులో వాళ్ళకు చిన్నతనం లేదు, అమ్మేవాళ్ళకూ దాపరికం లేదు. మేము అలా అడిగి ఎరగం. ఇచ్చే చెయ్యి ఎవరిదో చూసుకుని మెడ వంచేవాళ్ళం. ఆ కాలమే మంచిదని నా ఈడువాళ్ళు అంటుంటే ఊ కొడతాను గానీ, నాకు మాత్రం అలా మెడ వంచడం చేతకాకుండా పోయి యాభై ఏళ్ళు దాటింది. మనవడు ప్రేమగా ఏదైనా తెచ్చి చేతిలో పెట్టినా ముందు వెలుగుకు పెట్టి చూస్తాను. వాడు నవ్వుతాడు, నాకు నవ్వు రాదు.

ఏడాదికొకసారి కొండకు పోతాను. వయసైనవాళ్ళ క్యూ వేరేగా ఉంది, తొందరగానే దర్శనం అయిపోతుంది. హుండీ దగ్గర నోట్లు మడిచి వేసేవాళ్ళు వేస్తుంటారు, ఎవరో ఒక ఆడకూతురు గాజులు తీస్తుంటుంది. నేను చేతులు జోడించి కాసేపు నిలబడతాను. క్షమించమని స్వామిని అడగాలంటే జరిగింది ముందు చెప్పాలి కదా. అమ్మకు చెప్పనిది ఆయనకు ముందుగా చెప్పడానికి నాకు మనసొప్పదు.